నాలుగో వారం కాడ

అలిపిరి లగేజీ కౌంటర్లో
రాత్రి పదికి ఎక్కితే పొద్దున ఆరుకి దిగుతాను.
సంచి తీసుకోవడం, చీటీ కట్టడం,
చీటీ చూసి సంచి ఇవ్వడం.
పదో తరగతి లెక్కల్లో తప్పిన రెడ్డెమ్మకి
ఇంతకన్నా పెద్ద లెక్క ఎవురిస్తారు?

రెండున్నరకి జనం పల్చబడతారు.
అప్పుడు ఫోను ఒక మూటకి ఆనించి
పాఠం పెట్టుకుంటాను,
మా పాప రీల్సుకి పోంగా మిగిలిన డేటాతో.
ఉచితం. ఎవురైనా చేరొచ్చు.
వయసడగరు, టీసీ అడగరు.
మొదటి రోజు పేరు కొట్టి కాసేపు అట్లే కూచున్నా,
ఎవురో వచ్చి లెయ్యమంటారని.

వరుసల శాస్త్రం.
నవ్వొద్దు, నిజంగానే ఉండాది.
మనుషులు ఒకరెనక ఒకరు నిలబడితే
దానికొక సూత్రమంట.
చెప్పే ఆయనది ఏ దేశమో, కిటికీలో మంచు.
ఆయన మాటకి కింద తెలుగు అక్షరాలు నడుస్తాయి.
సర్వర్ అంటే వడ్డించేవాడు అని పడింది.
రెండు వారాలు నేను
ఎవురో అన్నం పెడతా ఉండారనే అనుకున్నా.
లెక్క మాత్రం తప్పు పోలేదు.

మూడో వారం పరీక్ష:
గంటకి ఇరవై ఐదు మంది వస్తారు,
ముప్పై మందిని పంపగలం,
సగటున ఒకరికి ఎంతసేపు పట్టొచ్చు?
చంకలో బిడ్డుంటే ముందుకి పంపుతారు,
ముసలాయన కూలబడితే అందరూ ఆగుతారు,
అని రాయబోతే
ఆ గడిలో అంకె తప్ప పట్టదంట.
ఏదో కొట్టినా. ఎర్రగా వచ్చింది. జవాబు పన్నెండు నిమిషాలు.
తెల్లారేదాకా వేసి చూసినా.
ముప్పైలో ఇరవై ఐదు పోతే ఐదు.
గంటని ఐదుగా కోస్తే పన్నెండు.
ఇంతేనా!
బడిలో ఇట్ల ఒక్కరూ కోసి చూపలేదే.

ఆ శనివారం, సూపర్‌వైజర్ చెంగల్రాయుడు టీకి పోయినప్పుడు
రెండు కిటికీలకి ఒకే వరుస కట్టినా, గోనె తాడుతో.
ఎవురూ అరవలేదు.
ఎవురూ గమనించలేదు కూడా.

చేరినోళ్ళు యాభై వేలంట.
కొండకి పొయ్యే వరుసలో అయితే
ముందరోళ్ళ వీపు కనిపిస్తుంది,
ఎనకోళ్ళ మోచెయ్యి తగులుతుంది,
ఎవురో ఒకరు మజ్జిగ ప్యాకెట్టు అందిస్తారు.
విసుక్కుంటాము గానీ వదిలిపెట్టి పోము.
ఈడ, ఎవురు ఎప్పుడు పోయినారో
చప్పుడు కూడా లేదు.
సర్టిఫికెట్టు మూడువేల ఐదొందలు.
తలుపు తీసే ఉండాది, ప్రసాదానికే డబ్బులు.

నేనూ నాలుగో వారం కాడ ఆగిపోయినా.
ఉత్సవాల రద్దీ, తర్వాత పాపకి జ్వరం,
తర్వాత ఏమీ లేదు, ఊరికే.
ఈ రాత్రి తెరిస్తే
పదకొండో నిమిషంలో ఆయన,
సగం గీసిన గీత మీద చెయ్యి అట్లే పెట్టుకోని.
నెల్రోజులుగా నిలబడుండాడు పాపం,
ఒక్కడే, వరుసలో.

వేలు పెట్టబోతా ఉంటే
కిటికీలోంచి ఎవురిదో చెయ్యి, చీటీ.
ఆరొందల పద్నాలుగు.
నీలం సంచి.
ఒక్క నిమిషం సార్, అన్నాను,
ఇద్దరితోనూ.