పదిహేడు టిక్కీలు

రాత్రి పదకొండు. నాగుల్ మీరా ఫోను.
"మేడమ్, పడుకున్నారా?" అని అడిగి
నేను ఊ అనకముందే దగ్గు.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
కంప్యూటరు ముందు కూర్చునేవాడికి
మార్చి నెలలో దగ్గే పలకరింపు.

గోడౌన్లో టిక్కీలు నాలుగు వేల రెండొందల పన్నెండు.
రిపోర్టులో నాలుగు వేల నూట తొంభై అయిదు.
ఓనరు చూపు అప్పుడే
హమాలీ మేస్త్రీ ఏసోబు మీదికి పోయిందట.
తెల్లారితే పంచాయితీ.

"క్వెరీ చదువు" అన్నాను.
చదివాడు, ఎక్కాలు ఒప్పజెప్పే పిల్లాడిలా,
కామాలు కూడా వదలకుండా.
బ్రాడీపేటలో కరెంటు లేదు.
మేడ మెట్ల మీద కూర్చుని విన్నాను.
చీకట్లో పట్టికలు బాగా కనిపిస్తాయి:
ఇటు సరుకు దించినవాళ్ళు
అటు కొన్నవాళ్ళు
మధ్యలో లాటు నంబరు, పలుపుతాడులా.

తప్పు నాకు మూడో లైనులోనే వినపడింది.
చెప్పలేదు.
చెప్తే ఈ రాత్రి గడుస్తుంది,
వచ్చే మార్చికి మళ్ళీ ఇదే దగ్గు.

"మీరా, నువ్వు దాన్ని ఏం అడిగావో తెలుగులో చెప్పు."
"ఉన్న టిక్కీలన్నీ చూపించమన్నాను."
"అలా అడగలేదు నువ్వు. ఇంకోసారి చూడు."

అవతల కంప్రెసరు రొద.

నేనూ ఒకప్పుడు
నీటి పన్ను లెక్కల్లో ఒక్క ఇంటి బకాయి కొట్టెయ్యబోయి
ఎక్కడ అన్నది రాయడం మరిచి
ఒక్క నొక్కుతో ఊరందరి బకాయీ మాఫీ చేశాను.
చేతులు చల్లబడి గంగానమ్మకి మొక్కుకుంటుంటే
ఎవరో నంబరిచ్చారు.
పాములపాటి సత్యవతి గారు. కృష్ణలంకలో ఉంటారట.
"ముందు మంచినీళ్ళు తాగమ్మా,
తర్వాత బ్యాకప్ ఎక్కడుందో చెప్పు" అన్నారు.
నాలుగ్గంటలు లైన్లోనే ఉన్నారు.
మధ్యలో ఆవిడ ఇంట్లో కుక్కరు మూడుసార్లు కూసింది.
ఆవిడ ముఖం నేనింతవరకూ చూడలేదు.

"మేడమ్..."
"చెప్పు."
"కొన్నవాడు ఉన్న టిక్కీల్నే అడిగాను."
"ఆ."
"అమ్ముడుపోనివి..."
"ఆ."
"అయ్యో. అమ్మకుండా ఆగినవాళ్ళు లెక్కలోంచే పోయారు."
"జాయిన్ ముందు లెఫ్ట్ అని రాయి."

కీబోర్డు మీద నాలుగు చప్పుళ్ళు.
కాస్త ఆగి ఇంకోటి, గట్టిగా.
వచ్చాయి పదిహేడు వరసలు, అన్నీ ఒకే పేరు మీద:
బత్తుల సౌభాగ్యమ్మ, తిమ్మాపురం, తేజ రకం.
రేటు ఇంకో వెయ్యి పెరగాలని
పట్టుబట్టి కూర్చుందన్నమాట మహాతల్లి.
కొన్నవాడి గడిలో నల్.

"నల్ అంటే సున్నాయే కదా మేడమ్?"
"సున్నా అంటే ఒకడు లెక్కపెట్టి చెప్పిన మాట.
నల్ అంటే ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదని.
దేనితోనూ పోల్చలేవు దాన్ని,
పక్కనున్న ఇంకో నల్‌తో కూడా."
"మా తమ్ముడి సంబంధం లాగా" అన్నాడు మీరా.
ఆరేళ్ళ నించీ చూస్తున్నారట.
నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు.

ఏసోబు మేస్త్రీ పేరు ఇద్దరం ఎత్తలేదు.
గోనెపట్టాల మీద పడి నిద్రపోతుంటాడు ఈపాటికి.
పది నించి పదకొండుంబావు దాకా
తను దొంగనని
అతనికి ఎప్పటికీ తెలియదు.

మూడోరోజు గుమ్మంలో సంచీ.
అరకిలో ఎండుమిరప, కాగితమ్ముక్క:
*స్టోరేజీవి కాదు, మా మావ కల్లంలోవి.*
మా ఆయన తొడిమలు తీస్తూ, తుమ్ముతూ
"ఎందుకు పంపినట్టు?" అన్నాడు.
"ఒక మాట చెప్పాను."
"ఏం మాట?"
"లెఫ్ట్."

ఎడం పక్కకి తిరిగి చూశాడు.
అటు కిటికీ తీసే ఉంది.
యార్డు మీదుగా వచ్చిన గాలికి
ఇంకోసారి తుమ్మాడు.