ఆరు సెకన్లు

హాలిఫాక్స్‌లో వాన పడటమూ లేదు, ఆగటమూ లేదు.
అంటే ఎప్పటి సోమవారమే.
కాలువ పక్క మిల్లు, రెండో అంతస్తు.
పాత కంప్యూటరు శనివారం రాత్రి పొగ వదిలి పోయింది,
డిస్కు ఒక్కటే దక్కింది.
కొత్తది వచ్చి కూర్చుంది, పల్చగా, చప్పుడు లేకుండా,
చుట్టపుచూపుకొచ్చిన డాక్టరులా.

మగ్గానికి డిజైను చదివి వినిపించే ప్రోగ్రాం అది.
డెరిక్ ఓల్డ్‌రాయిడ్ రాశాడు, రెండువేల పన్నెండు మార్చిలో.
సోర్సు ఉన్న సీడీలు అతని గరాజు సామానుతోపాటు
ఎవరికో అమ్ముడుపోయాయట, అతను పోయాక.
మిగిలింది నాలుగు మెగాబైట్ల బైనరీ:
వండిన కూర ఉంది,
ఉప్పెంత వేశావని అడగటానికి చెయ్యి లేదు.

నడిపాను.
ఫలానా లైబ్రరీ కనబడలేదంది.
వెతికి తెచ్చాను. ఇంకోటి కావాలంది.
మేనత్త రానిదే పీటల మీద కూర్చోనన్న పెళ్ళికొడుకులా.
ఆ మేనత్తేమో మరిది రానిదే బండెక్కదు.
మధ్యాహ్నానికి పదిహేడుమంది చుట్టాలు పోగయ్యారు,
అందరూ ముప్పైరెండు బిట్లవాళ్ళు,
ఈ అరవైనాలుగు బిట్ల ఇంట్లో
కాలెక్కడ పెట్టాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డారు.

చివరికి కొత్త సిస్టంలోనే ఒక గది కట్టాను.
కిటికీ లేదు. పోగు దూరేంత తలుపు.
లోపలెప్పుడూ రెండువేల పన్నెండే:
పాత ఫాంట్లు, పాత లైబ్రరీలు, పాత మర్యాదలు.
పరకాయ ప్రవేశం చేయిస్తున్నాననుకున్నాను,
తీరా చూస్తే ఒళ్ళు పాతదే,
లోకాన్నే దాని కొలతకి కుట్టాను.
ఒట్టు, అబద్ధమాడలేదు.
తేదీ అడిగితే ఇవాళ్టిదే చెప్పాను.
అది పట్టించుకోలేదు.

మగ్గం కదిలింది.
పడుగు లేచింది, పేక దూరింది,
చెక్కనేల మీంచి దడదడ అరికాళ్ళలోకి పాకింది.
నేను గెలిచినట్టు చెయ్యెత్తాను.
షమీమ్ కూడా ఎత్తింది,
ఆపమని.

ఇరవైతొమ్మిదేళ్ళుగా ఆ మగ్గం దగ్గరున్న మనిషి.
స్క్రీను చూడలేదు, గుడ్డా చూడలేదు.
"తొందరపడుతోంది" అంది, వింటూనే.

ఒక్కో వరస నమూనాకీ
పాత కంప్యూటరు ఆరు సెకన్లు తీసుకునేది.
మేము దాన్ని ముసలితనమనుకున్నాం.
ఆ ఆరులో షమీమ్
తెగిన పోగు పట్టుకుని ముడేసేది,
కండె మార్చేది,
ఒక గుక్క టీ,
తడిసిన కొండ మీదికి ఒక చూపు.
డెరిక్ రాసినదాంట్లో లేని పని, జీతం చీటీలోనూ లేదు.
కొత్త యంత్రం రెప్పపాటులో తేల్చేసి
చేతులు కట్టుకుని ఆమెనే చూస్తోంది.

నేను మరమ్మతుకొచ్చినదాన్ని.
నెమ్మది చేసినందుకు బిల్లెలా రాయను?

బైనరీ జోలికి పోలేదు.
గది గుమ్మంలో చిన్న స్క్రిప్టుని కూర్చోబెట్టాను.
దానికొకటే కొలువు: ఆరు లెక్కపెట్టాక తలుపు తియ్యి.

షమీమ్ కళ్ళు మూసుకుని విన్నది.
"ఇంకొంచెం."
ఆరున్నర చేశాను.
"ఆఁ, ఇదీ దీని నడక" అంది, కప్పు అందుకుంటూ.

రైల్లో ఇంటికొస్తూ పాత డిస్కులో లాగ్ ఫైళ్ళు తెరిచాను.
పదేళ్ళ రాత్రింబవళ్ళు, వరస వెంట వరస.
అన్నీ ఆరే.
ఒక్కచోటా ఆరున్నర లేదు.

ఫైలు మూసేశాను.
బయట వాన, ఇప్పుడు నిజంగానే పడుతోంది.