ఎటు నుంచి కొట్టాలె

తుపాకి అనకు, బోల్టు అను.
తుపాకి బీరువల ఉంది,
తాళంచెవి అర్బాబ్ నడుముకుంది.
నా ముంగటున్నది జానెడు కూడ లేని ఉక్కుముక్క,
దాని మూతికి గద్దగోరసొంటి కొక్కెం,
ఆ కొక్కాన్ని పట్టుకొని
అగ్గిపుల్ల మందాన ఒక సీల.
మూడు దినాలాయె, రాదు.

నిజ్వా సంతల, వెండి కత్తుల దుకాణానికి ఎనుక
రేకు తలుపు అర్ర మాది.
ఆదం అవతలి ఇసుకల నుంచి
ముసబ్బహ్ తెచ్చిండు దీన్ని, తువ్వాలల చుట్టి,
సంటిపిల్లను తెచ్చినట్టు.
పేలిన తూటా డొప్పను బయటికి గుంజుతలేదట.
"మొదటి దెబ్బ తప్పితే
రెండోదానిదాంక తోడేలు ఆగుతదా?" అన్నడు.
కావా తాగిండు, గిన్నె ఊపి చాలన్నడు, పోయిండు.

మొదటి దినం నూనె.
డీజిల్ల ఇంకేదో కలిపి మురాద్ బలూచీ చేసే మందు,
చుక్క చుక్క పోసి రాత్రంత నానబెట్టిన.
రెండో దినం పంచ్.
సన్నది వంగింది, దానికన్న సన్నది ఇరిగింది,
ఇరిగిన ముక్క ఎగిరి
గోడకున్న క్యాలెండర్ల రంజాన్ నెలకు తాకింది.

"కాలుద్దాం" అన్నడు మురాద్, గ్యాస్ తుపాకి పట్టుకొని.
వద్దన్న.
మా నాయిన కొలిమి కాడ చెప్పిన ఒక్క మాటే
నాకు ఒంటబట్టింది:
ఉక్కుకు తాపిన నీరు మళ్ల తాపొచ్చు,
గని అదే నీరు కాదు.

రూముల పాషా నవ్విండు.
"పదకొండేండ్ల సంది గీన్నే ఇరుక్కున్నవ్ ఈశ్వరాచారీ,
ఆ సీల నువ్వే పో."
కాదు పాషా.
సీలకు తిక్క లేదు, రందీ లేదు,
రెండేండ్లకోసారి రెండు నెలల సెలవూ లేదు.
అది ఇనుము. నేను పప్పుల ఉప్పెక్కువైతే అలిగేటోన్ని.
ఊకె పోల్చకు.

మూడో దినం, జుమ్మా.
మేకల అంగడి అయిపోయింది,
గల్లీల పెంటికలు, గడ్డి, ఎవరో మరిచిన ఒంటి చెప్పు.
పని లేని దినం గనుక పనిని నిమ్మళంగ చూసిన.
సన్న పాలిష్ కాయితంతోని రెండు కొసలూ రుద్దిన,
గడియారాలోని అద్దం కంటికి పెట్టుకున్న.

కుడిదిక్కు కొస
ఎడమదిక్కు కొసకన్న
ఎంటికెవాసి లావు.

సుత్తె కింద పెట్టిన.
నవ్వొచ్చింది, సిగ్గొచ్చింది, ఏది ముందో తెల్వదు.
ఇన్నిదినాలు కుడిదిక్కు నుంచే కొట్టిన.
తీస్తలేను,
బిగిస్తున్న.

తిప్పి పెట్టిన. తుమ్మచెక్కకు బొక్క చేసి
దాని మీద బోల్టును ఆనిచ్చిన.
ఎడమ నుంచి, పొట్టి పంచ్, ఒక్క దెబ్బ:
టంగ్.
ఇంకొకటి: టంగ్.
మూడోది: టక్.
ఆ టక్కు కోసమే గదా
కమ్మరోని చెవులు పుట్టినయి.

చెక్క బొక్కల నుంచి అరచేతులకు రాలింది.
తుడిచి చూస్తే సీల కాదది,
సైకిల్ పుల్ల!
కంపెనీ పంపింది కాదు. ఎవడో కోసుకొని,
ఆకురాయితోని కొస సన్నం చేసుకొని
నెమ్మదిగ, ఓపికగ దిగ్గొట్టిండు.
ఆకురాయి గీతలు ఇంక ఉన్నయి,
అన్ని ఒక్కదిక్కే వాలినయి. ఎడమచేతోడు కావచ్చు.

అర్బాబ్ ను అడిగిన.
"నీకన్న ముందు, నీ ముందటోనికన్న ముందు
ఒకడుండె. సైకిల్ మీదొచ్చేటోడు.
పేరు..." అని ఖర్జూరం గింజ ఊసి
ఆలోచించిండు, ఊకున్నడు.

కొత్త సీల డ్రిల్ కాడతోని చేసిన.
లావు కొస మీద పంచ్ తోని
ఒక చుక్క పెట్టిన, చీమ కన్నంత.
తర్వాత కూసునేటోడు
గా మూడు దినాలు వేరే దేనికన్న వాడుకుంటడని.

ముసబ్బహ్ వచ్చినంక ఉత్త డొప్ప పెట్టి గుంజిన.
డొప్ప గంతేసి బెంచి కిందికి ఉరికింది.
మురాద్ బోర్ల పడుకొని ఎతుకుతుండు.
ఇంక దొరకలే.