బూజు లెక్క

ఇంట్లో బూజు దులుపుతాను,
ముక్కుకి చున్నీ చుట్టి, పొడుగు కర్రకి చీపురు కట్టి.
తొమ్మిదింటికి రాజేంద్రనగర్ గేటు దాటి
అదే ముక్కుకి మాస్కు తగిలించుకుని
బూజుకి అన్నం పెడతాను.

నిజంగానే అన్నం.
నూకలు కడిగి, పలుకు మీద దించి,
సంచుల్లో పోసి, మూతికి దూది బిరడా పెట్టి,
పెద్ద కుక్కరులో మళ్ళీ ఆవిరి పట్టి,
చల్లారాక చెంచాడు విత్తనం.
వారానికి మెతుకు మెతుకూ తెల్లబడుతుంది,
ఆ పైన పిస్తా రంగు తిరుగుతుంది.
మా అత్తకి ఇది కనబడితే
గిన్నెతో సహా సందులోకి విసిరేస్తుంది.
ఇక్కడ మేం సంచి మీద తేదీ రాస్తాం.

విత్తనం ఎక్కడిదంటే
ఖాజా మియా అగ్గిపెట్టెలోది.
ఆయన మీసం నల్లగా ఉన్నప్పుడు
ఎనిమిది రోజుల ముసురు తర్వాత
ఆముదం చేన్లో దొరికిన ఒక్క పురుగు.
"మందు కొట్టకుండ సచ్చిందంటే సార్లు నమ్మలే బిడ్డా,
పుల్లలన్నీ పారబోసి, దాన్ని పండవెట్టి తెచ్చిన."
ఆ రోజు బీడీ ముట్టించుకోడానికి
ఊరంతా నిప్పు అడుక్కున్నాడట.

మొన్న శ్రావణంలో మళ్ళీ ముసురు.
చెప్పుల కింద నల్లరేగడి కిలోలెక్కన.
ఆకులన్నీ జల్లెళ్ళు,
ఈనెలు మాత్రం మిగిలి, ఎండిన చేతుల్లా.

లద్దె పురుగు పగలు మట్టిపెళ్ళ కింద పడుకుంటుంది,
రాత్రి తింటుంది. దొంగకీ దానికీ ఒకటే డ్యూటీ.
మరి ఇదేమిటి,
పట్టపగలు, కొమ్మ చిట్టచివర,
ఆకు అంచుని కాళ్ళన్నిటితో కరుచుకుని
ఆకాశం ఏదో చెబుతున్నట్టు తలెత్తి?

"లోపలున్నది ఎక్కిస్తది," అన్నాడు ఖాజా మియా.
"పైనుంచి రాలితే కింద అందరికీ పంచొచ్చు గదా."

ఎక్కాలన్న కోరిక పురుగుదా, బూజుదా?
ఏ ఆకు దగ్గర చేతులు మారింది?
ఆయన జవాబు చెప్పలేదు.
వంగి, టోపీ సర్దుకుని,
"చాదర్ కప్పిండు చూడు," అన్నాడు.

చూశాను. దర్గాలో సమాధి మీద పరిచినట్టు
తల నుంచి తోక దాకా మెత్తని పచ్చ.
చిటికెన వేలితో తాకితే సుద్దముక్క.
చిన్న గాలికి పొడి లేచి నా ముంజేతి మీద వాలింది.
మనుషులకేం కాదంటారు.
మోచేతి దాకా రెండుసార్లు సబ్బు రుద్దుకున్నాను.

నా పుస్తకంలో మూడు గడులు:
బతికినవి. చచ్చినవి. ఎక్కి చచ్చినవి.
పదకొండో సాలులో ఒకటి
నములుతోంది ఇంకా, కానీ నెమ్మదిగా,
నాలుగు కొరుకుళ్ళకోసారి ఆగి,
ఎవరో పిలిచినట్టు.
దీన్ని ఎందులో రాయను?
"రేపు రాయి," అన్నాడు.
"ఇయ్యాల తిననీ."

మర్నాడు ఎండొచ్చింది.
నాలుగు రోజులు కాసింది.
బూజు చేయి ఆగిపోయింది.
మిగిలినవి మట్టిలోకి దిగి
ఎవరికీ చెప్పకుండా నిద్రపోయాయి.
పదకొండో సాలుది నాకు కనబడలేదు,
కిందా లేదు, పైనా లేదు.

పదిహేను రోజులకి, అత్తాపూర్,
పిల్లర్ నంబరు నూట నలభై మూడు,
షేరాటో కోసం నిలబడ్డాను.
జామకాయల బండి మీద బల్బు చుట్టూ
గోధుమ రెక్కలు, రెక్కల మీద తెల్ల గీతలు,
ఏ లెక్కలో తప్పిపోయిందో.
బండివాడు అట్టముక్కతో కొట్టాడు, తగల్లేదు.
మళ్ళీ ఎక్కింది. మళ్ళీ.

మాది నాలుగో అంతస్తు, లిఫ్టు నడవదు.
మూడో మలుపులో గోడ చెమ్మకి
అరచేయంత మేర పచ్చగా పొడిపొడిగా.
కర్ర తేవాలి అనుకుంటూనే
బ్యాగులోంచి పెన్ను తీసి
పక్కన తేదీ రాయబోయాను.