అరువు చెప్పులు

హొరమావులో మా వీధికి ట్యాంకర్ గురువారం వస్తుంది.
రాకపోతే శుక్రవారం.
"బోరు ఎండిపోయిందమ్మా, ఇంకేం తవ్వను, పాతాళమా?"
అంటాడు ఇంటాయన నంజుండప్ప,
అద్దె మాత్రం ఒకటో తారీఖునే ఊరుతుంది ఆయనకి.

ఆ బిందెల వరసలో నిలబడే
ముటింటా ఉత్తరం విప్పాను.

జాంబియా. చోమా దాటాక మట్టిదారిలో ఇంకా చాలా దూరమట.
తొమ్మిదేళ్ల పిల్ల.
నెలకి ఎనిమిది వందలు నా జీతంలోంచి అటు పోతాయి.
నేను రక్తం తీసే ల్యాబులో
ఎనిమిది షుగరు పరీక్షల ఖరీదు.
ఆ డబ్బు దాని చేతికి ఇవ్వరు, ఊరి చేతికిస్తారు.
బడి మీద రేకులకి, మేకలకి,
ఒక చేతిపంపుకి.
మంచిదే.
ఒక్క పిల్లని పైకి లాగి ఊరిని గుంటలో వదిలేస్తే
ఆ పిల్ల మాత్రం ఎక్కడ నిలబడుద్ది?

మొదటి ఉత్తరంతో ఫోటో వచ్చింది.
నీలం గౌను. పొట్టిగా కత్తిరించిన జుట్టు.
ఎవరో నవ్వమంటే నవ్వినట్టు నవ్వు.
కాళ్లకి నల్ల బూట్లు,
మడమ వెనక వేలు దూరేంత సందు.

ఆ సందు నాకు తెలుసు.

కందుకూరు హాస్టల్లో, నా ఏడో ఏట,
డెన్మార్కులో ఒకాయనకి పంపాలని
నన్నూ ఇలాగే గోడ ముందు నిలబెట్టారు.
వార్డెనమ్మ కూతురి చెప్పులు. ఎర్రవి. మీద పువ్వు.
"వేళ్లు ముడుచుకో సలోమీ, జారిపోతాయి."
ఫోటో అయ్యాక విప్పించి
కొంగుతో తుడిచి డబ్బాలో పెట్టేసుకుంది.
ఆ చెప్పులు డెన్మార్కు వెళ్లాయి.
నా కాళ్లు కాలే సిమెంటు మీద గంతులేస్తూ
అన్నం గంటకి పరిగెత్తాయి.

ఏటా డిసెంబరులో ఉత్తరం.
అక్క బోర్డు మీద రాసేది, మేం ఎక్కించుకునేవాళ్లం:
నేను బాగున్నాను. మీరు బాగున్నారని తలుస్తాను.
మీ దయ వల్ల చదువుకుంటున్నాను.
అరవై మందికీ ఒకటే దయ.
ఒక ఏడు దానికి వత్తు తగిలించి దయ్యాన్ని చేశాను,
ఆయనకి తెలుగు రాదు గనక బతికిపోయాను.
మంచు కప్పిన ఇంటి బొమ్మ కార్డు పంపేవాడు,
కిటికీలో పచ్చని దీపం.
ఒక డిసెంబరు కార్డు రాలేదు.
ఎందుకని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అందుకే ముటింటాకి రాశాను:
నాకు దయ గియ అక్కర్లేదు.
ఆ బూట్లు ఎవరివి?
ఆఫీసువాళ్లు కొట్టేస్తారనుకున్నా. కొట్టేయలేదు.

ఇదిగో జవాబు.
వాళ్లు ఇంగ్లీషు చేసి పంపింది
నేను మా ఊరి తెలుగులో చదువుకుంటాను:

"బూట్లు మా అన్న చిముకావి.
ఫోటో తీసే ఆయన వెనకాల నిలబడి
వాడు కాలివేళ్లు మట్టిలో దాచుకున్నాడు.
అది చూసి నాకు నవ్వొచ్చింది."

నవ్వొచ్చిందట!
పదహారు నెలలుగా ఫ్రిజ్ మీద ఆ ఫోటో అంటించుకుని
నేను జాలిపడ్డ నవ్వు.
అది నాది. దానిది కాదు.

కింద ఇంకో నాలుగు వరసలున్నాయి:
"పంపు వచ్చింది. ముందు పొద్దున్నే లేచి
వాగుదాకా నడిచేవాళ్లం, బడికి ఆలస్యమయ్యేది.
ఇప్పుడు అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి
నేను నీళ్లు తెచ్చేసరికి ఇంకా కాగనే కాగదు.
మీ ఊళ్లో నీళ్లకి ఎంత దూరం వెళ్తారు?"

ఏం రాయను?
మేం ఎక్కడికీ వెళ్లం ముటింటా,
ఉన్నచోటే నిలబడతాం, నీళ్లే రావాలి అని రాయనా?
ఇంత పెద్ద బెంగళూరులో
ఆరు బిందెలకి మించి పట్టనివ్వరని రాస్తే
నమ్ముతుందా?
నాకోసం ప్రార్థన చేయిస్తుందేమో వాళ్ల బళ్లో,
అందరినీ లేపి నిలబెట్టి.

మలుపులో హారన్ మోగింది.
వరసంతా ఒక్కసారి ముందుకు ఒరిగింది,
ప్లాస్టిక్ బిందెలు డొక్కలు గుద్దుకున్నాయి.
వెనకావిడ నా చెప్పు తొక్కింది.

జారిపోకుండా
వేళ్లు ముడుచుకున్నాను.