తొమ్మిది సెకన్లు

ఔలులో డిసెంబరు. మూడింటికే చీకటి.
గ్రంథాలయం కింది గదిలో పది కంప్యూటర్లు,
తడి బూట్ల వాసన.

మూడు నెలలు ఉల్కల్లో ఇనుము తవ్వి
కొన్నాను ఆ ప్లాస్మా ఫిరంగి.
ఓడకంటే దాని బరువే ఎక్కువ.
పేరు కూడా పెట్టాను, చెప్పను, సిగ్గు.

ఎదురుగా సిర్కా.
చేపల దుకాణంలో పని, అరవై దాటాయి,
తొడుగుల వేళ్లు కత్తిరించుకుని ఆడుతుంది.
ఆమె ఓడ ఒక తుప్పు డబ్బా.

పేల్చాను.
గ్రహవలయంలో మంచు పగిలింది. ఆమె లేదు.
ఇంజను ఆర్పేసి
రాళ్లలో రాయిలా దొర్లుతోందని
నాకేం తెలుసు?

ఫిరంగి మళ్లీ వేడెక్కాలంటే తొమ్మిది సెకన్లు.
ఆ లెక్క నాకంటే ఆమెకే బాగా తెలుసు.
పెదాలు కదులుతున్నాయి: ఆరు, ఏడు...
నా పొట్ట కిందికి, ఫిరంగి మెడ తిరగని చోటికి
నింపాదిగా వచ్చి
టకటకా పొడిచింది, వడ్రంగిపిట్టలా.

తెర నల్లబడింది. అందులో నా మొహం.

"ఏం తుపాకీ అది?" అడిగాను.
ఫ్లాస్కు మూత తిప్పుతూ ఆగింది.
"ఓడతోపాటే వచ్చింది. పేరు చూడలేదు."
తర్వాత, కాఫీ ఊదుకుంటూ,
"పేల్చే ముందు నువ్వు
ఎడమ భుజం ఎత్తుతావు" అంది.