మూడో కంప్రెసర్ నిద్రపోయిన రాత్రి

ఏటుకూరు రోడ్డు మీద
మిరపకాయలు దాచే చలిగిడ్డంగికి
ఇరవై రెండేళ్లుగా రాత్రి కాపలా నాది.
దొంగలు రాకుండా కాదు,
చలి పారిపోకుండా.

బయట మే నెల.
అర్ధరాత్రి దాటినా తారు మెత్తగానే ఉంటుంది.
లోపల తేజ బస్తాలు, బ్యాడిగి బస్తాలు
అంతస్తులంతస్తులుగా చీకట్లో
ఎర్రగా, చల్లగా, ధర కోసం ఎదురుచూస్తూ.
వాటికోసం మూడు కంప్రెసర్ల గురక.
ఒకటి ఆగితే చాలు, ఉలిక్కిపడి లేచేవాణ్ణి,
పక్కలో బిడ్డ ఉన్నట్టుండి ఏడుపు ఆపితే
తల్లి లేచినట్టు.

ఈ ఏడు పంట పొంగింది.
బస్తాలు లారీల మీదే మాడుతున్నాయి.
కొత్త గది కడతానన్నాడు యజమాని.
"పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కి అర్జీ రాయించు, నాగుల్ మీరా."
రాయించాను.
అర్జీ గడప దాటకముందే సువార్త వచ్చింది.

కరెంటు లెక్కలు చూసే పిల్ల.
పెదకాకాని నుంచి స్కూటీ మీద.
సంచిలోంచి మీటర్లు తీసింది, తీగలు తీసింది,
ఆఖర్న ఓ అగరొత్తుల కట్ట తీసింది.
"పూజా, అమ్మా?"
"చర్చికెళ్లేదాన్ని బాబాయ్.
ఇవి మీ తలుపుకి."

వెలిగించి, వంగి,
తలుపు అంచున పట్టుకుంది.
పైకి పోవాల్సిన పొగ
పక్కకి తిరిగి
బడి వదిలిన పిల్లల్లా రోడ్డు మీదికి పరిగెత్తింది.

అక్కడ రబ్బరు చినిగి ఎన్నేళ్లయిందో!
గొనెపట్టా కుక్కింది నేనే.
కుక్కి, చేతులు దులుపుకుని,
కాపలా కాస్తున్నాననుకున్నాను.

ఆ తర్వాత ఆమె ఒక్కో చోటే ముట్టుకుంటూ పోయింది.
తడిసిన బొంతలా బరువెక్కిన గొట్టాల తొడుగు.
టీగిన్నె అడుగులా సున్నం కట్టిన కూలింగు పైపులు,
మా బోరు నీళ్ల పుణ్యం.
ఆటోనగర్లో నాలుగుసార్లు చుట్టించిన మోటారు,
వయసు మీదపడ్డాక ఆకలి పెరిగిన మనిషి.

"మిరపకాయల్ని కాదు బాబాయ్,
ఏటుకూరు రోడ్డుని చల్లబరుస్తున్నారు మీరు.
చిల్లికుండ పట్టుకుని
ఇంకో బావి తవ్వమని అర్జీ పెట్టారు."

యజమాని రబ్బరు ధర విని రెండురోజులు మాట్లాడలేదు.
మూడోరోజు డబ్బు తీశాడు.

పనంతా అయ్యాక ఓ రాత్రి, రెండుంబావుకి,
మూడో కంప్రెసర్ దానంతటది ఆగిపోయింది.
చెప్పుల్లేకుండా పరిగెత్తాను.
ఫ్యూజు బాగానే ఉంది.
ముల్లు ఉండాల్సిన చోటే ఉంది.
దానికి పని లేదు, అంతే.
ఇన్నేళ్లలో మొదటిసారి
ఆ గోడ మీద బల్లి పలకడం విన్నాను.

పొద్దున్నే బావమరిది ఖాజాకి ఫోన్ చేశా,
ఇబ్రహీంపట్నంలో బూడిద లారీ తోలతాడు.
"ఇవాళేమన్నా బూడిద తగ్గిందా?"
"నీకేమన్నా పిచ్చా?" అని పెట్టేశాడు.
నిజమే.
అయినా ఎక్కడో తట్టెడు బొగ్గు
ఆ రాత్రికి బొగ్గుగానే మిగిలి ఉంటుంది.
దానికి నేనెవరో తెలియదు.

కొత్త గది లేచింది.
పాత తీగే సరిపోయింది.
అర్జీ ఇంకా సొరుగులోనే ఉంది,
తీస్తే తుమ్ములొస్తాయి, కారం పట్టి.

వెళ్లేముందు సువార్త అంది:
"ఏసీలు పెరుగుతాయి, బళ్లు కూడా కరెంటే తాగుతాయి.
రేపు కావాల్సిన దాంట్లో కొంత
కొత్తగా పుట్టించక తప్పదు.
కొంత మాత్రం
ఇట్టాంటి గొనెపట్టాల కింద ఉంది, బాబాయ్."

డ్యూటీ దిగి వస్తుంటే
పక్క గిడ్డంగి గుమ్మం ముందు నేల తడిగా ఉంది.
వాన పడి నెలయింది.
తలుపు కింద
పీచులు పీచులుగా ఏదో వేలాడుతోంది.

జేబు తడుముకున్నా.
కట్టలో ఇంకా ఏడు ఉన్నాయి.
వాచ్‌మన్ పున్నారావు ముసుగు తీయలేదు.
సైకిలు స్టాండేసి
అగ్గిపెట్టె కోసం అతన్నే లేపాను.